ఎవరి సమాధి ముందో ఆమెన్

ఈ రోజు సమాధుల పండుగ. వాన వంక పెట్టుకుని నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం తమ్ముడు ఆఫ్రికా నుంచి వీడియో కాల్ చేశాడు. కంపాలాలో బోర్లు వేసే పని వాడిది. ఆ నగరంలోని పాత సమాధుల తోటకు వెళ్లి, పేరు కూడా చెరిగిపోయిన తెల్లదొరల కాలంనాటి సమాధి ఒకటి కడిగి కొవ్వొత్తి వెలిగించాడట.

“బాపమ్మ కాడికి రాలేను గదక్కా. గందుకే ఎవ్వలూ రాని సమాధి సూసి వెలిగిచ్చిన. జర బాపమ్మది సూపెట్టు.”

“గాడికే పోతున్న రా, మళ్ల చెయ్యి” అని అబద్ధమాడి, స్కూటీ మీద లక్సెట్టిపేటలోని మా సమాధుల తోటకు పరుగెత్తాను. నడుమెత్తు గడ్డి. మా నాన్నమ్మను బాపమ్మ అనేవాళ్లం. ఆమె సమాధి మీద మేం పేరు రాయించనే లేదు. ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. ఇంతలో ఫోన్ మోగింది. కొత్తగా సున్నం వేసి బంతిపూలు పెట్టిన ఓ సమాధి వైపు తిప్పేశాను.

“ఎంత మంచిగ జేసినవక్కా!” అని వాడు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. చివర్లో నా వెనక ఎవరో ఆమెన్ అన్నారు. తిరిగి చూస్తే ఆ సమాధి తాలూకు పెద్దామె. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోన్ పెట్టేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తన కొవ్వొత్తి ఒకటి నా చేతికిచ్చింది.

“నీ తమ్ముడు మా అవ్వకు మంచిగ ప్రార్థన జేసిండు బిడ్డా. పా, మీ బాపమ్మను దేవులాడుదాం.”

చీకటి పడేదాకా వెతికాం. దొరకలేదు.

రేపు పొద్దున మళ్లీ వెళ్తున్నాను. ఇది చదివి నన్ను తిట్టాలనుకున్నవాళ్లు అక్కడికే రండి, కొడవలి తెచ్చుకుని. తమ్ముడూ, నువ్వు రానక్కర్లేదు. నీ వంతు సమాధి నువ్వు కడిగావు.