పాడైన లెన్సులు అరువిచ్చే పిన్ని

“పాప మొదటి అడుగు వేసేటప్పుడు నేను లెన్స్ మారుస్తూ ఉంటే ఎలాగండీ?”

బల్ల అవతల కూర్చున్నావిడ తల ఎత్తలేదు. పట్టకారుతో ఆవగింజంత స్క్రూ ఒకటి తీసి, బల్లకి అతికించిన టేపు మీద అంతకుముందు తీసినవాటి పక్కనే వరసలో పెట్టింది. పెట్టాకే మాట్లాడింది.

“ఎన్నో నెల?”

“పదకొండు. గోడ పట్టుకుని నిలబడుతోంది.”

“నీ భయం పాప గురించా, ఫోటో గురించా?”

“రెండూనండీ.”

“రెండు భయాలకి ఒక లెన్సు చాలదమ్మాయ్. కూర్చో.”

ఆవిడని ఆ వీధిలో అందరూ లెన్సు పిన్ని అంటారు, ఆవిడ కంటే పెద్దవాళ్ళతో సహా. రెండో అంతస్తులో ఒక్క గదిలో కెమెరా లెన్సులు బాగుచేస్తుంది. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఫ్యాను రెక్కలు విప్పేసి అటక మీద పెట్టింది, దుమ్ము లేస్తుందని. చెప్పులతో పాటు తుమ్మునీ దగ్గునీ కూడా గుమ్మం బయటే వదిలి రావాలి.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళు, భూమి కొలిచే పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో అద్దాలు బిగించింది. అది మూతపడిన రోజు అందరూ గేటు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, ఈవిడ స్టోర్ రూముకి వెళ్ళి పాత స్క్రూడ్రైవర్ల పెట్టె అడిగి తెచ్చుకుందట. భర్త సిటీ బస్సు డ్రైవరు. “ఊరందరినీ తిప్పుతాడు, నన్ను తప్ప” అంటుంది. తను ఎక్కడికీ వెళ్ళకపోయినా, లెన్సు విప్పితే దాని యజమాని ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పేస్తుంది. జూమ్ రింగులో ఇసుక ఉంటే సముద్రం, అద్దం మీద బూజు ఉంటే వానలు పడే కొండలు.

నేను వెళ్ళింది ఒకే ఒక్క సందేహం తీర్చుకోవడానికి. పాప పుట్టాక మా మొదటి ప్రయాణం, పన్నెండు రోజులు, కొంత రైల్లో, కొంత పడవలో. మా అన్నయ్య ఇచ్చిన పాత కెమెరా ఉంది. దానికి ఒక్క లెన్సే కొనాలి, మార్చే పని ఉండకూడదు. 24–70 అనే పెద్ద లెన్సు అయితే సగం చీకట్లో కూడా ఫోటో వస్తుంది. కానీ కిలో దాటిన బరువు. 24–120 అనే చిన్నది ఏడు వందల గ్రాములే, ఇంకాస్త దూరం కూడా అందుతుంది. కాకపోతే సగం వెలుతురే లోపలికి తీసుకుంటుంది. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. అనుమానం వస్తే కొలవడం నా ఉద్యోగం, కొలిచాక కూడా అనుమానపడటం నా స్వభావం. రెండు నెలలు పట్టికలు గీశాను. “నువ్వు తేల్చేసరికి పాపే కెమెరా పట్టుకుని మనల్ని తీస్తుంది” అన్నాడు మా ఆయన.

పిన్ని నా పట్టికలు చూసి, మడిచి, నాకే ఇచ్చేసింది. అలమారలోంచి రెండు లెన్సులు తీసి ముందు పెట్టింది. సరిగ్గా నేనడిగిన రెండు రకాలే.

“ఇవి చచ్చిన లెన్సులు. అద్దాలు బాగానే ఉన్నాయి, లోపల సర్క్యూటు పోయింది. కంటికి పెట్టుకుంటే అన్నీ కనిపిస్తాయి, ఫోటో మాత్రం రాదు. నాలుగు రోజులు ఇది కెమెరాకి తగిలించి మెడలో వేసుకు తిరుగు, నాలుగు రోజులు అది. అప్పుడు రా.”

“మీరే ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చుగా పిన్నిగారూ.”

“చెప్పేదాన్నే. ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంటకి పెద్దదే కొనుక్కోండని చెప్పా. ఏడాది తర్వాత సర్వీసుకని తెచ్చారు. విప్పితే లోపల నలుసు లేదు. బరువని దాన్ని ఇంట్లో పెట్టి ఊళ్ళు తిరిగారట. అప్పట్నుంచీ నోటితో చెప్పడం మానేశా. ఎవరి మెడ వాళ్ళకి చెప్పాల్సిందే.”

మొదట పెద్దదే తగిలించుకున్నాను. కంటికి ఎత్తిన ప్రతిసారీ జూమ్ రింగు మీది అంకె, వెలుతురు, మెడనొప్పి పదికి ఎంతో రాసుకున్నాను. “పాప తాగే పాలు కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు నువ్వు” అన్నాడు మా ఆయన. రాశాను, అది వేరే పుస్తకం.

మూడో రోజు సాయంత్రం. నడవాలో ఇంకా లైటు వేయలేదు. పాప చెప్పుల స్టాండు పట్టుకుని నిలబడి ఉంది. నేను నేల మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టాను. రింగు యాభై దగ్గరుంది. పాప చేయి వదిలేసింది. ఒక అడుగు. నా వైపే చూస్తూ రెండోది. మూడోది పడలేదు, పాపే పడింది. నా కుడి చేతికి గౌను కొస అందింది కానీ ముఖం నేలకి తగలకుండా ఆపలేకపోయాను. పెదవి చిట్లింది.

డాక్టరు చూసి, “తడిగుడ్డ పెట్టండి చాలు. మీరు మాత్రం కాసేపు కూర్చుని వెళ్ళండి” అన్నారు.

మర్నాడు పొద్దున్నే లెన్సు తెచ్చి పిన్ని బల్ల మీద పెట్టేశాను. “దీని పుణ్యమా అని మొదటి అడుగు ఫోటో లేకుండా పోయిందండీ” అన్నాను. జరిగిందంతా చెప్పాను.

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది.

“మావాడి మొదటి అడుగు నేను అసలు చూడనే లేదు. ఫ్యాక్టరీలో ఉన్నా. ఇంటికొచ్చాక నా ముందు నడిచాడు. మా అత్త అదే మొదటిసారి అన్నట్టు చప్పట్లు కొట్టింది. వాడు పొద్దున్నే నడిచాడని పదేళ్ళ తర్వాత మా ఆయన నోరు జారితే తెలిసింది.”

“మీ అత్తగారు చాలా మంచావిడండీ.”

“అదేం లేదు. నాకూ ఆవిడకీ ఎప్పుడూ పడేది కాదు. అది తెలిశాక కూడా పడలేదు, కాకపోతే నేను కాస్త గొంతు తగ్గించా. సరే, ఫోటో సంగతి వదిలెయ్. పాప పడేటప్పుడు నీ ఎడమచేయి ఎక్కడుంది?”

కెమెరా పట్టుకున్నట్టు చేతులు ఎత్తి చూసుకున్నాను.

“లెన్సు మీద.”

“పాడైన లెన్సు. కింద పడి ముక్కలైనా నేనేమీ అనను, నీకూ తెలుసు. అయినా వదల్లేదు. రేపు కొత్తది కొన్నాక ఇంకేం వదులుతావ్?”

ఆవిడ అది తిట్టినట్టు అనలేదు. స్క్రూ కొలత చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం, రాత్రంతా నేను దేన్ని తలచుకోకుండా దాటేశానో అది కనిపించింది.

“నా లెక్కల ప్రకారమైతే పెద్దదే కొనాలండీ. ఎక్కువసార్లు వెలుతురు చాలని చోటే ఎత్తాను.”

“వెలుతురు చాలకపోతే లైటు వేసుకుంటావ్, కిటికీ దగ్గరికి జరుగుతావ్. చెయ్యి చాలకపోతే ఎక్కణ్ణుంచి తెస్తావ్?”

మిగతా నాలుగు రోజులు చిన్నది మోసి, చివరికి అదే కొన్నాను. మెడనొప్పి సగటు రెండు. ఆ విషయం పిన్నికి చెబితే, “సగం నొప్పి నీ పట్టికలదే” అంది.

ప్రయాణం నుంచి తిరిగొచ్చి నెలయింది. మూడు వందల పైచిలుకు ఫోటోలు ఉన్నాయి. పాప ఉన్న ప్రతి ఫోటోలోనూ అంచున ఎవరిదో ఒకరి చేయి ఉంటుంది. ఎక్కువగా మా ఆయన మణికట్టు. పడవలో టిక్కెట్లు చూసేవాడి వేళ్ళు. రైల్లో ఎదురు సీటు బామ్మగారి గాజుల చేయి. వాటిని కత్తిరించి పాపని ఒక్కదాన్నే ఉంచమన్నారు చూసినవాళ్ళు. నేను కత్తిరించలేదు. ఆ చేతులు ఉన్నాయి కాబట్టే ఆ ఫోటోలు తీశాను. ప్రయాణానికి ముందు, అరువు తెచ్చుకున్న రెండో లెన్సు తిరిగిచ్చిన రోజు నేను మెట్లు దిగుతుంటే, పిన్ని గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

“పాప పక్కన ఇంకొకరి చెయ్యి ఉంటేనే నీ చేతిలోకి కెమెరా తీసుకో. లేకపోతే సంచిలోనే ఉండనీ.”