నా తల మీద గోల్‌కీపర్

నేను పుట్టి బుద్ధెరిగాక ఫుట్‌బాల్ ముట్టుకున్నవాణ్ని కాను. అయినా ఒమన్‌లోని అల్ అమెరాత్‌లో ఏడాది పాటు గోల్‌కీపర్‌గా బతికాను.

తప్పంతా నా జుట్టుది. ఒమన్‌కు బయల్దేరేనాటికి మా పాపకు రెండేళ్ళు నిండినా నడక రాలేదు. నడిస్తే వేములవాడ రాజన్నకు తలనీలాలిస్తానని మొక్కుకుని విమానమెక్కాను. నెల తిరక్కుండానే పాప నడిచింది. ఫోన్‌లో చూసి ఏడ్చాను. "ఇగ కత్తెర ముట్టకు. లీవుల వచ్చినంక రాజన్న దగ్గర్నే తియ్యాలె" అంది మా ఆవిడ. లీవేమో రెండేళ్ళకు గానీ రాదు. ఉంగరాల జుట్టు భుజాల మీదికి దిగింది, గడ్డం దానికి తోడైంది. సైట్‌లో హెల్మెట్ తలకు పట్టేది కాదు.

మా రూమ్ కింద ఒక కాఫీ షాప్ ఉంది. యజమాని ముసలి ఒమనీ, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒకరోజు నన్ను చూసి, ఎవరో దక్షిణ అమెరికా గోల్‌కీపర్ పేరు పెట్టి కేకేశాడు. ఆ మనిషి ఆట మానేసి చాలా ఏళ్ళయిందట. ఫోన్‌లో ఫొటో చూపించాడు. జుట్టు అచ్చం నాదే, మొహం మాత్రం కాదు. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో మొక్కు గురించి ఎలా చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

అంతే, ఆ పేరు వీధంతా పాకింది. టాక్సీవాళ్ళు, కూరగాయలమ్మే బంగ్లాదేశీ, అందరిదీ అదే పిలుపు. మొదట్లో ఒళ్ళు మండేది. ఎక్కడో సముద్రాల అవతల ఇంట్లో హాయిగా కూర్చున్నవాడి సలాములు నాకెందుకు? తర్వాత తర్వాత, శుక్రవారం డ్యూటీ లేనప్పుడు ఆ పిలుపు కోసమే మెట్లు దిగేవాణ్ని. సైట్‌లో నేనొక నంబర్ని. రూమ్‌లో ఎనిమిది మందిమి, ఎవరి ఫోన్‌లో వాళ్ళం. నన్ను చూసి వెలిగే మొహం ఆ ముసలాయనదొక్కటే.

చివరికి రెండు నెలల లీవు దొరికింది. లీవు చివర్లో రాజన్న దగ్గర తల వంచాను. దేవుడికి కోపం వస్తే రానీ, నిజమే చెబుతాను. కత్తి తగిలినప్పుడు నాకు భక్తి కంటే దిగులే ఎక్కువైంది.

తిరిగొచ్చిన సాయంత్రమే కాఫీ షాప్‌కు వెళ్ళాను. గడ్డం లేదు, గుండు మీద టోపీ. ముసలాయన చాయ్ ఇచ్చి, కొత్తవాడిననుకుని ఏ కంపెనీ అని హిందీలో అడిగాడు. చెప్పాను.

"మీ కంపెనీలోనే పొడుగు జుట్టు గోల్‌కీపర్ ఉండేవాడు. కనపడట్లేదేం?"

నేనే అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే గుండు చూసి ఒకసారి నవ్వుతాడు. రేపటి నుంచి నన్ను ఏమని పిలుస్తాడు?

"ఘర్ గయా" అన్నాను, ఇంటికెళ్ళిపోయాడని.

ఆయన గ్లాసు తుడవడం ఆపాడు.

"మంచి మనిషి" అన్నాడు. "పోయేముందు నాకు సలాం కూడా చెప్పలేదు."