మెరవణి కాళ్లు

నూర్ బాషా చేతుల్లో వాన ఉండేది. కాళ్లలో మాత్రం రాయచోటి పెళ్లి మెరవణి ఉండేది.

పగలు గల్ఫ్‌లో, దజీజ్ పేట గోడౌన్‌లో పెట్టెలు మోసే అతణ్ణి ఒక జాజ్ బ్యాండు పిలిచింది. ట్రంపెట్లు, శాక్సఫోన్లు ముందు వరసల్లో. వాటన్నిటినీ వెనకనుంచి తోలేది ఒక్క డ్రమ్ముల మనిషి. ఆ మనిషి తన దేశం వెళ్లిపోయాడు. ఖాళీ అయిన ఆ కుర్చీ బాషాకు కావాలి. కలలో కూడా దానిమీదే కూర్చునేవాడు.

చిక్కొకటే. ఊళ్లో మెరవణి మేళంలో నడుస్తూ వాయించి పెరిగినవాడు కదా, పాట ఊపందుకోగానే లేచి నడిచేవాడు.

“పెళ్లి బారాత్ అనుకున్నవా భాయ్?” అని విసుక్కున్నాడు బ్యాండు నడిపించే సాదిక్. హైదరాబాదీ, ఆయిల్ కంపెనీ ఇంజనీరు. “కచేరీల కుర్చీ దిగినవో, ఖలాస్. ఇంకొకర్ని చూసుకుంట.”

ఇంట్లో భార్య బషీరా బీ నవ్వు ఆపుకోలేకపోయింది. “అందురికీ నిలబడేది కష్టం. నీకు కూచునేదే రాకపాయె గదయ్యా!”

కచేరీ అబూ హలీఫాలో, సముద్రం పక్క హాల్లో. బాషా బుద్ధిగా కూర్చున్నాడు. ఒంటరిగా వాయించే వంతు వచ్చింది. మొదట నువ్వులు రాలినట్టు సన్నగా; తర్వాత మేకలమంద గుట్ట దిగినట్టు; ఆపై మబ్బు విరిగి రేకుల కప్పుమీద పడ్డట్టు. కాళ్లు లేద్దామన్నాయి. పళ్లు బిగించాడు. లాభం లేకపోయింది. చిన్న డ్రమ్మును ఎడమచంకలో ఇరికించుకుని, కుడిచేత్తో వాయిస్తూ లేచి, నేరుగా సాదిక్ ఎదుట ఆగాడు.

మెరవణికో కట్టుబాటుంది. ఇంటిముందు ఆగిన మేళం, ఇంటిపెద్ద రెండడుగులు ఆడందే కదలదు.

“పోయి కూసో,” గొంతు తగ్గించి కసిరాడు సాదిక్.

“ఆడితేనే కదిలేది సార్.”

“నేనా? ఇంజనీర్ని!”

“ఇంజనీర్లు శానామంది ఆడినారు సార్ మా తావ.”

నవ్వలేక, ఊదలేక శాక్సఫోన్లు కీచుమన్నాయి. బాషా దెబ్బ తగ్గించాడు. చెవిలో రహస్యం చెప్పినంత మెత్తగా, బతిమాలినట్టు వాయించాడు. సాదిక్ కోటులో ఎడమ భుజం ఒకసారి ఎగిరింది. తర్వాత కుడిది. తర్వాత మనిషంతా. హాలు హోరెత్తింది. బాషా పరుగున పోయి కూర్చుని, ఆఖరి దెబ్బ అందరితోపాటు వేశాడు.

కచేరీ అయ్యాక సాదిక్ అతణ్ణి పక్కకు పిలిచాడు. కచేరీ చూడొచ్చిన బషీరా బీ ముందుకొచ్చింది. “తప్పైంది సార్. ఇంగ లేవడు.”

“లేవకుంటె నేనెట్ల ఆడాలె?” అన్నాడు సాదిక్, భుజం రుద్దుకుంటూ. “శుక్రవారం ప్రాక్టీసుకు జర ముందుగాల రా భాయ్. ఆ రెండో అడుగు నాకు తప్పుతున్నది.”