మెయిన్ బోర్డు ముందు మీటరు జాగా

ఆ రోజుల్లో నాకు రెండింటి మీదే గురి ఉండేది: కరెంటు నిబంధనల పుస్తకం, నా డిప్లొమా. మనుషుల సంగతి సిలబస్‌లో లేదు. నాంపల్లిలో కరెంటు కాంట్రాక్టులు చేసే మా మేనమామ (చొక్కా జేబులో పెన్నుకు బదులు టెస్టర్ ఉండేది కనుక టెస్టర్ మామ) ఆబిడ్స్‌లో తెరవబోతున్న ఓ బట్టల దుకాణం వైరింగును మొదటిసారి పూర్తిగా నాకే అప్పగించాడు. "జర పైలం బిడ్డా. గిది మంచిగ చేస్తివా, ముందటి పనులన్నీ నీయే. తేడా వచ్చిందా, ఆఫీసుల కూసొని ఫోన్లెత్తుతవ్," అన్నాడు.

మెయిన్ బోర్డును ఎవరికైనా చెయ్యెత్తితే అందే ఎత్తులో బిగించాను. దాని ముందు ఒక మీటరు మేర జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండాలన్నది నియమం. ఆబిడ్స్‌లో అంత జాగా వదిలెయ్యమంటే దుకాణం యజమాని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చెబితే వినడని, నేల మీద పసుపు రంగుతో చతురస్రం గీసి లోపల ఎర్ర చారలు వేశాను. ప్రమాద సూచన అన్నమాట! (అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని, పక్కన ఓ ముక్క రాయాలని తోచలేదు.) నా పనితనానికి నేనే మురిసిపోయి ఫోటో కూడా తీసుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున్నే చివరిసారి చూసుకుందామని వెళ్లి కొయ్యబారిపోయాను. నా చతురస్రంలో ఒక్క బట్టల మూట లేదు. పీట ఉంది. పీట మీద కలశం, కొబ్బరికాయ, పూలు, బోర్డుకు సరిగ్గా కింద వెలుగుతున్న దీపం! కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. బోర్డు తలుపుకు మూడు బొట్లు. దాని ముందు యజమాని తల్లి, అందరూ నానమ్మ అని పిలిచే పెద్దావిడ, చేతులు జోడించి నిలబడి ఉంది.

"ఇదేంటి నానమ్మా?" అన్నాను.

"ఏంది అంటవేందమ్మా? పసుపు గీసి కుంకుమ పెట్టినవ్ గద! దేవుని జాగా అని నాకెర్కనే. మా కొడుకు గీడ మూటలు పెడ్తనంటే తిట్టిన."

నేను నోరు తెరిచానో లేదో, గుమ్మానికి కట్టిన సీరియల్ బల్బుల తీగ చిటపటలాడింది. పొగ, ఆ వెంటనే తోరణం గుడ్డకు మంట. "బంద్ చెయ్! బంద్ చెయ్!" అని యజమాని కేకలు. బోర్డు వైపు పరుగెత్తాను. నానమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"చెప్పులిడ్సి రా!"

(తడి నేల, వట్టి కాళ్లు, మెయిన్ స్విచ్. నా పుస్తకం ప్రకారం దేవుణ్ణి చేరడానికి అదే దగ్గరి దారి.) ఆవిడ చెయ్యి కింద నుంచి దూరి, రబ్బరు సోలు బూట్లతోనే పీట మీదుగా గెంతి హ్యాండిల్ కిందికి లాగేశాను. లైట్లన్నీ పోయాయి. యజమాని తోరణం తెంపి బయట పడేసి తొక్కాడు. నా బూటు తగిలి కలశం దొర్లింది. కొబ్బరికాయ వెళ్లి నానమ్మ కాళ్ల దగ్గర ఆగింది. అందరూ మంటను మరచి నా బూట్ల వంక గుడ్లప్పగించి చూస్తున్నారు. నా పని అయిపోయిందనుకుని అక్కడే భోరుమన్నాను.

నానమ్మ నల్లబడ్డ తీగను చూసింది, పక్కనే దొంతరలుగా ఉన్న కొత్త చీరలను చూసింది. "గీ జాగా మనిషి నిలవడనీకా బిడ్డా?" అంది నెమ్మదిగా.

"అవును నానమ్మా. ఆపదొస్తే పరుగెత్తుకొచ్చి బంద్ చెయ్యడానికి."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవారా? దేవుణ్ణి జర అవుతలికి జరుపుదాం. గీడ మూట పెట్టినవనుకో, కాళ్లిరగ్గొడ్త."

నా ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎన్నో చతురస్రాలు గీశాను, పక్కన రాత కూడా రాశాను. అన్నీ అట్టపెట్టెల కిందే ఉన్నాయి. మొన్న తనిఖీకి ఆ దుకాణానికి మళ్లీ వెళ్లాను. నానమ్మ ఇప్పుడు లేదు. ఆ మీటరు జాగా మాత్రం ఖాళీగా, శుభ్రంగా ఉంది. దసరా దసరాకు యజమానే గీతలకు కొత్త రంగు వేస్తాడట. ఎందుకో గీత దగ్గర ఆగి, వంగి బూటు లేసు విప్పబోయాను.

"ఉండనియ్యమ్మా," అన్నాడాయన. "గీ జాగాకు నువ్వు బూట్లతోనే రావాలని మా అమ్మ చెప్పిపోయింది."