చెయ్యి పట్టించిన వార్డెనమ్మ

నంద్యాలలో ఇల్లూ వాకిలీ లేనివాళ్ల వసతిగృహాన్ని ఇన్నేళ్లూ నడిపిన వార్డెనమ్మ మొన్న సోమవారం పోయింది. కబురు వచ్చేసరికి నేను ఆసుపత్రి కౌంటరులో కూర్చుని చీటీ రాస్తున్నాను. ఆమెకు ఒళ్లుమంట తెప్పించేది ఆ చీటీయే.

మా పరిచయం తిట్లతోనే మొదలైంది. కాలిపుండు మానిన ఒక ముసలాయనకు వసతిగృహంలో చోటు కోసం చీటీ రాసిచ్చి, మునిసిపాలిటీలో సంతకం చేయించుకొమ్మని పంపాను. అక్కడ ఆధార్ అడిగారు. ఆధార్ కేంద్రంలో చిరునామా అడిగారు. అది లేకనే కదా ఆయన తిరుగుతున్నది! నాలుగో రోజున బస్టాండులో, పుండు మళ్లీ రేగి, వార్డెనమ్మకు కనిపించాడు. ఆమె ఆయన్ను తెచ్చి నా ఎదుట నిలబెట్టింది.

"ఏందప్పా, నీ చీటీకేమన్నా కాళ్లుండాయా? ఈయప్పకే సరిగ్గా లేవే!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ రోజు నేను మనిషిలా పని చేస్తున్నానంటే ఆ సిగ్గు ఆమె పెట్టిన భిక్షే.

"ఆడబిడ్డను అత్తగారింటికి చీటీ రాసిచ్చి పంపిస్తామా? చేతిలో చెయ్యి పెట్టి అప్పగిస్తాం. ఈళ్లనూ అంతే" అనేది. పంపేవాడు వెంట రావాలి. అవతలి ఆఫీసువాడు చెయ్యి పట్టుకున్నాకే వెనక్కి పోవాలి. ఆసుపత్రిలో, ఆఫీసుల్లో మేమంతా నవ్వాం. మా అందరికంటే గట్టిగా నవ్విన ఆఫీసరు చేతిలో ఒక ముసలమ్మ చెయ్యి పెట్టి, "ఇంగ ఈమె నీ మనిషి" అనేసి వెళ్లిపోయింది. సాయంత్రంలోగా ఆయన మూడు ఆఫీసులకు ఫోన్లు చేశాడు. అప్పటిదాకా ఆ ఆఫీసులవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరి దగ్గర లేవు. ఆ తర్వాత తోడు వెళ్లి అప్పగించడమే పద్ధతైంది.

ఆమె సంచిలో గోరుకత్తెర ఎప్పుడూ ఉండేది. స్నానం చేయించి, గోళ్లు తీయించి గాని ఎవరినీ తెచ్చేది కాదు. "ముట్టుకోకుండేదానికి ఆళ్లకు సాకు మనమెందుకియ్యాల?"

ఆమెను మట్టి చేసిన మర్నాడే మునిసిపాలిటీ నుంచి ఫోను. ఇకమీదట ఎవరూ తోడు రానక్కర్లేదట, చీటీ చాలట. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ రోజు రుద్రవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయనను ఆసుపత్రి నుంచి వసతిగృహానికి పంపాలి. రాసిన చీటీ చించేశాను. ఆయన గోళ్లు తీసి, మునిసిపాలిటీకి నడిపించుకుపోయాను.

"చీటీ ఈడ పెట్టి పోప్పా" అన్నాడు గుమస్తా, తలెత్తకుండా.

"చీటీ లేదు. చెయ్యి పట్టుకో."

వెనక వరుస పెరుగుతోంది. గొణుగుతున్నారు. నేను కదల్లేదు. పెద్దాయన కిటికీ ఊచల సందులోంచి చెయ్యి లోపలికి చాపి, అలాగే ఉంచాడు. చాలాసేపటికి గుమస్తా పెన్ను కింద పెట్టాడు.