రెక్కలో సున్నుండలు

జోగారావు గారికి మొదటి కప్పు టీ అందకపోతే ఆ ఆదివారం ఇక బాగుపడదని మా షెడ్డులో అందరికీ తెలుసు. ఆయన అడగరు. కప్పులు పంచే చెయ్యి ఎటు తిరుగుతోందో ఓరకంట చూస్తుంటారు. అది ముందు వీరేందర్ వైపు తిరిగిందంటే, "నాకొద్దులెండి, ఇంట్లో తాగే వచ్చాను" అంటారు. కాసేపయ్యాక ఎవరూ లేకుండా చూసి, చల్లారిపోయిన ఆ టీ తాగేస్తారు. అది కూడా అందరికీ తెలుసు.

షెడ్డంటే, శంషాబాద్ దాటి కొత్తూరు వెళ్లే దారిలో రోడ్డుకి కాస్త లోపలున్న ఒకప్పటి కోళ్ల ఫారం. సంయుక్త వాళ్ల నాన్నగారు పాత విమానాలు ఎక్కడెక్కడివో కొని తెచ్చి అందులో పడేశారు. ఆయన పోయాక దాన్ని మ్యూజియంగా నిలబెట్టాలని ఆ అమ్మాయి పట్టుదల. జీతాల్లేవు. ఇష్టమున్నవాళ్లం ఆదివారాలు పోయి తుడిచి, రుద్ది, బిగించి వచ్చేవాళ్లం. రెండు వేల పదకొండు, పన్నెండు నాటి మాట ఇది. నెత్తిమీద కొత్త ఎయిర్‌పోర్టు విమానం దిగుతుంటే మాట సగంలో ఆపి, అది పోయాక మళ్లీ అక్కణ్ణుంచే ఎత్తుకోవడం మాకు అలవాటైపోయింది. పోట్లాటలకీ అదే పద్ధతి.

జోగారావు గారిది తణుకు దగ్గర ఊరు. బేగంపేట హ్యాంగర్లో విమానాల ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఎయిర్‌పోర్టు ఇటు తరలగానే ఆయన కూడా శంషాబాద్ వచ్చేశారు. ఎందుకని అడిగితే గాలి మంచిదని చెప్పేవారు. "గాలీ లేదు గీలీ లేదండీ, ఆ చప్పుడు వినపడకపోతే ఈయనకి నిద్ర పట్టదు" అనేవారు వాళ్లావిడ మంగాదేవి గారు.

మా షెడ్డులో పనిముట్ల పలకని ఆయనే పెట్టారు. ప్రతి పానాకీ, ప్రతి స్క్రూడ్రైవరుకీ పలక మీద దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. సాయంత్రం వెళ్లేముందు నల్ల ఆకారం ఒక్కటి ఖాళీగా కనిపించినా ఎవరూ ఇంటికెళ్లకూడదు. విమానం లోపల మరిచిపోయిన పానా మనిషిని చంపుతుందని ఆయన చెప్పేవారు. మేం బాగుచేస్తున్న ఆ ఒక్క విమానం గాల్లోకి ఎగిరేదేం కాదు. అయినా సరే, రెక్కలో గుండుసూదున్నా ఊరుకోనన్నది ఆయన మాట.

ఇక వీరేందర్. గగన్‌పహాడ్‌లో ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డు అతనిది. ఒకసారి మాకు కంప్రెసర్ దించడానికొచ్చి, విమానం చూసి, మళ్లీ వచ్చే ఆదివారం ఎవరూ పిలవకుండానే వచ్చాడు. పనిలో జోగారావు గారికి సాటిరాడు. ఆ మాట అతనే అంటాడు. బోల్టులు చొక్కా జేబులో వేసుకుని మరిచిపోతాడు. కానీ అతను షెడ్డులో అడుగుపెడితే పోయిన కరెంటు వచ్చినట్టుండేది. స్కూలు పిల్లలొస్తే అతని చుట్టూరా మూగేవారు.

"ఈ విమానం లేచి నిలబడ్డదంటే మా సారు చేతి పనితనం. మేమంత ఉత్తగనే పానాలు అందిస్తం" అని వాళ్లకి చెప్పేవాడు.

జోగారావు గారికి ఆ పొగడ్తే ఎక్కువ గుచ్చుకునేది. ఎందుకంటే విన్నవాళ్లంతా వీరేందర్ భుజం తట్టి వెళ్లేవారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంట్లో కూడా మొదలైంది. మంగాదేవి గారు ఒకనాడు పులిహోర పంపితే వీరేందర్ వేళ్లు నాక్కుంటూ ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇక ఆవిడ ప్రతి ఆదివారం అతనికో డబ్బా కట్టడం మొదలుపెట్టారు.

"నేను నలభయ్యేళ్లు తిన్నాను, ఒక్కనాడైనా కాదన్నానా?" అన్నారట జోగారావు గారు.

"కాదనలేదండీ. ఆ అబ్బాయి తింటుంటే వండినదానికి అర్థం ఉంటుంది. మీరు తింటుంటే పరీక్ష పేపరు దిద్దుతున్నట్టుంటుంది."

ఒక ఆదివారం ఆ డబ్బాలో సున్నుండలున్నాయి. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆయనకి షుగరొచ్చిందని తేలిన దగ్గర్నుంచి ఆవిడ ఇంట్లో సున్నుండలు చేయడమే మానేశారు. జోగారావు గారికి ప్రాణం అవంటే. ఇన్నాళ్లకి మళ్లీ మినుములు వేగిన వాసన ఇల్లంతా నిండింది. చూస్తే అవి వీరేందర్‌కి. మూత మీద వాళ్ల స్టీలు సామాన్లన్నిటికీ ఉన్నట్టే 'మంగాదేవి' అని చెక్కించిన పేరుంది. దాన్ని సంచీలో పెట్టుకుని ఆయన మోసుకు రావాలి.

ఆ రోజు మేం ఎడమ రెక్కకి బట్ట కడుతున్నాం. పాతకాలం విమానం కదా, రెక్కంటే లోపల కొయ్య పక్కటెముకలు, పైన గుడ్డ. ఒకవైపు బట్ట అప్పటికే కట్టేశాం, రెండోవైపు ఇంకా తెరిచే ఉంది. జోగారావు గారు అందరికన్నా ముందొచ్చారు. సంచీలోంచి డబ్బా తీసి కాసేపు చూశారు. తర్వాత దాన్ని రెక్క లోపల, మొదట్లో ఉండే లావాటి కొయ్యదూలం చాటున మూలకి నొక్కిపెట్టారు. భోజనాలయ్యాక తీసి చాటుగా తానే తినేద్దామా, లేక ఇంటికి పట్టుకెళ్లి 'అతనికి నచ్చలేదోయ్' అందామా అని రెండు విధాలా ఆలోచించానని తర్వాత ఆయనే చెప్పారు.

ఆ రెండిట్లో ఏదీ జరగలేదు. వానలు ఆగి గాలి పొడిగా ఉంది, ఈ పూటే కుట్టేసి మూసేద్దామంది సంయుక్త. రెక్కని నిలువుగా నిలబెట్టి, అటొకరు ఇటొకరు కూర్చుని, మూరెడు సూదితో బట్టని కొయ్యకి కుట్టాలి. ఇవతలి మనిషి పొడిచిన సూదిని అవతలి మనిషి అందుకుని తిరిగి పొడవాలి. ఇవతల జోగారావు గారు, అవతల వీరేందర్. అవతలేమో ఎద్దుని ట్రాక్టరు తొట్టిలో ఎక్కించిన కథేదో నడుస్తోంది, మేమంతా అక్కడ చేరి నవ్వుతున్నాం. ఇవతల సూది తప్ప మరేం రాదు. ఆ మంటలో జోగారావు గారు కుట్టుకుంటూ పోయారు. డబ్బా సంగతి బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. సాయంత్రానికి రెక్క మూసుకుంది. మర్నాటి నుంచి దాని మీద డోప్ పూతలు. డోపంటే బట్టని డప్పులా బిగించే లక్కలాంటిది. షెడ్డంతా మగ్గిన అరటిపండు వాసన.

తర్వాతి వారం మంగాదేవి గారు భోజనం పట్టుకొచ్చి వీరేందర్‌ని అడిగారు. "సున్నుండలు ఎలా ఉన్నాయి నాయనా?"

వీరేందర్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. "మస్తున్నయమ్మా. డబ్బా ఇంట్ల ఉన్నది, తెస్త."

పక్కనే ఉన్న జోగారావు గారికి డబ్బా ఎక్కడుందో అప్పుడైనా గుర్తురావాలి. రాలేదు. తినని సున్నుండల్ని తిన్నానంటాడా అన్న కోపం ముందొచ్చేసింది. కాసేపయ్యాకేమో డబ్బా వాడింట్లోనే ఉందన్నమాట అనుకుని, నిజంగా తనే ఇచ్చేశాననుకున్నారట. అసూయకి అంత శక్తి ఉంది మరి.

విమానం తయారైంది. జనం ముందు ఇంజను స్టార్ట్ చేసే రోజు పెట్టుకున్నాం. సీట్లు రెండున్నా ముందుది ఉత్త గూడు. మీటలూ స్విచ్చులూ పనిచేసేది వెనక సీట్లోనే. ఆ సీటు తనదేనని జోగారావు గారికి అనుమానమే లేదు.

"అంకుల్, ఆ రోజు మీరు బయటుండాలి. ఇంజను చప్పుడు విని మంచీచెడూ చెప్పగలిగేది మీరొక్కరే. సీట్లో వీరేందర్ గారిని కూర్చోబెడదాం" అంది సంయుక్త.

"అలాగేనమ్మా" అన్నారాయన.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మంగాదేవి గారితో అన్నారట: "ఉద్యోగం ఉన్నన్నాళ్లూ విమానం బాగుచేసి, దిగి, పక్కన నుంచున్నాను. ఎక్కినవాడు చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. ఇదొక్కటి నేను ఎక్కుదామనుకున్నాను."

"అడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేది నాకెందుకు?"

తర్వాతి ఆదివారం ఎడమ రెక్కని విమానానికి బిగించాలని నలుగురం ఎత్తాం. లోపల గడగడమంటూ ఏదో దొర్లింది. అందరం అలాగే నిలబడిపోయాం. రెక్కని బల్లల మీద దించి, జోగారావు గారు తిన్నగా పలక దగ్గరికెళ్లారు. నల్ల ఆకారం ఒక్కటి కూడా ఖాళీ లేదు.

"పనిముట్లన్నీ ఉన్నాయి. అంటే ఎవరిదో సొంత వస్తువు" అన్నారు.

అందరి చూపూ వీరేందర్ జేబు మీదికి పోయింది. వీరేందర్ కూడా జేబు తడుముకున్నాడు. "నాదే అయ్యుంటది సారూ. ఈ జేబుల ఏమేమున్నయో నాకే ఎరుక లేదు."

"హ్యాంగర్లో అయితే అలాంటి మనిషిని విమానం దగ్గరికే రానివ్వరు. నేనంత మాట అనను. లోపలున్న వస్తువు ఎవరిదైతే వాళ్లు ఆ రోజు సీట్లో కూర్చోకూడదు. అంతే." పైన విమానం పోయింది. అది పోయేదాకా ఆగి, "అంతే" అని మళ్లీ అన్నారు.

సంయుక్త వీరేందర్ వైపు చూసింది. "కరెక్టే గదా" అన్నాడతను.

భోజనాలయ్యాక రెక్క బట్ట కోసి చూద్దామనుకున్నాం. మంగాదేవి గారు క్యారేజీతో ఆటో దిగుతుండగా రెక్క కింద గొంతుక్కూర్చున్న వీరేందర్ పిలిచాడు.

"సారూ, జర ఇటు రాండ్రి."

నీళ్లు కారిపోవడానికి రెక్క అడుగున బట్టకి చిన్నచిన్న బెజ్జాలు వదులుతారు. నేల మీంచి బల్ల కాలు ఎక్కి ఒక బెజ్జంలోకి చీమల బారు పోతోంది.

"చీమలు బోల్టులు తింటయా సారూ?"

అప్పుడు గుర్తొచ్చింది జోగారావు గారికి. ఆ మొహం మారడం మేం చూశాం గాని ఎండకేమో అనుకున్నాం.

"డోప్ వాసనకి వస్తుంటాయి" అన్నారు.

"ఇన్ని దినాలసంది రానియి ఇయ్యాలనే యాదికొచ్చిందా వాటికి?"

"ఏదో చిన్న చెక్కముక్క అయ్యుంటుంది. ఇంత మంచి రెక్కని కొయ్యడం ఎందుకమ్మా" అన్నారు సంయుక్తతో, చాలా మెత్తగా.

"గుండుసూదున్నా ఊరుకోనన్నది మీరే కదా అంకుల్" అని ఆ అమ్మాయి బ్లేడుతో కోసేసింది.

వీరేందర్ చెయ్యి దూర్చాడు. ముందు ఒళ్లంతా చీమలున్న సున్నుండొకటి వచ్చింది. తర్వాత డబ్బా. తర్వాత మూత. మూత మీద పేరు చదివాడు. తలెత్తి జోగారావు గారిని చూశాడు.

"ఇది నా డబ్బా" అన్నారు మంగాదేవి గారు.

"అవునమ్మా. నేనే పెట్టిన. అందరు చూస్తే పంచాల్సొస్తదని దాచుకున్న. ఇగ మర్చిపోయిన."

"మరి బాగున్నాయన్నావు?"

"రెండు తిన్నంకనే దాచిన."

షెడ్డంతా ఒకటే నవ్వు. సంయుక్త నేల మీద కూలబడి నవ్వింది. ఎవరో డబ్బా పట్టుకున్న వీరేందర్‌కి ఫోటో తీశారు. "పిచ్చి నాయనా, ఇంకో డబ్బా చేసి పెడతాలే" అన్నారు మంగాదేవి గారు.

జోగారావు గారు పెట్టిన నియమం ప్రకారం సీటు ఆయనకొచ్చేసింది. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆయన ఆ నవ్వులు చూస్తున్నారు. తను చేసిన వెధవపని కూడా అతని చేతిలోకి వెళ్లేసరికి ముద్దొస్తోంది. పైగా సీటు కూడా అతను దానం చేసినట్టయింది.

"అవి నేను పెట్టినవి" అన్నారు.

సరిగ్గా అప్పుడే పైన విమానం దిగింది. ఆ మాట ఎవరికీ వినపడలేదు. పక్కనున్న వీరేందర్‌కి మాత్రం వినపడింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చప్పుడు పోయింది. వదిలేసినా వదిలేయొచ్చు.

"అవి నేను పెట్టినవి" అన్నారు మళ్లీ, గట్టిగా. "అతనికి అందలేదు. తిన్నానని అబద్ధమాడాడు."

మంగాదేవి గారు ఆయన్ని చూశారు. "ఎందుకండీ?"

"నాకు చెయ్యడం మానేశావుగా."

"షుగరండీ మీకు."

"తెలుసు."

ఇంకెవరూ నవ్వలేదు. చీమలు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి.

ఇంజను రోజున వీరేందర్ సీటెక్కనని మొండికేశాడు. "నియమం పెట్టింది నేను. ఎక్కు" అన్నారు జోగారావు గారు. ఎక్కించి, బెల్టు ఆయనే బిగించారు. ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. వీరేందర్ చెయ్యి ఊపాడు.

"ఊపకు, గేజు చూడు" అని జోగారావు గారు గొణిగింది నా ఒక్కడికే వినపడింది. తల వంచి, కళ్లు మూసుకుని, ఇంజను చప్పుడు చివరిదాకా విన్నారు. బాగుందో లేదో చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ సీటెక్కుతానని అడగలేదు.

కోసినచోట అతుకు ఆయనే వేశారు. రంగు ఎంత కలిపినా కాస్త తేడాగానే మిగిలింది. వచ్చినవాళ్లంతా అదేమిటని అడిగేవారు. డబ్బా సంగతి బయటపెట్టడం ఇష్టంలేక వీరేందర్ పిల్లలకి గద్ద పొడిచిందని చెప్పేవాడు. గద్ద రోజురోజుకీ పెద్దదవుతోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. జోగారావు గారు స్టూలు మీద కూర్చుని పానా తుడుస్తూ కొన్నాళ్లు ఓర్చుకున్నారు.

ఒకనాడు లేచొచ్చారు. "గద్దా కాదు, గాడిదగుడ్డూ కాదు. సున్నుండలు" అన్నారు.

పిల్లలు ఇటు తిరిగారు.

"సున్నుండలు విమానంలోకి ఎట్ల పోయినయి తాతా?" అందొక పిల్ల.

"చెప్తాను, కూర్చోండి. ముందు అందులో నెయ్యి ఎంత పోస్తారో తెలియాలి మీకు."

అంతలో టీ వచ్చింది. మొదటి కప్పు వీరేందర్ చేతికి వెళ్లింది. జోగారావు గారు ఓరకంట చూశారు. కథ మాత్రం ఆపలేదు.