నా మాట విన్న రమక్క

వాన పడిన ఉదయాల్లో భూపాలపల్లి బొగ్గు గని మీదుగా తడి మసి వాసన వస్తుంది. కంట్రోల్ రూమ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకోగానే దాని స్పాంజి చెవులకు మెత్తగా అతుక్కుంటుంది. ఆ స్పర్శకే నాకు రమక్క గుర్తొస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. తొర్రూరు బస్టాండు వెనుక సందులో, తన ఇంటి ముందు గదిలో వీడియో గేముల సెంటర్ నడిపేది. ఆడమనిషికి ఈ ఆటలేమిటని ఇరుగుపొరుగు అంటే, వాళ్లను కూడా వచ్చి ఆడమనేది.

మాది గూడూరు దగ్గర తండా. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. ఇంటర్ చదవడానికి తొర్రూరు హాస్టల్లో చేరినప్పుడు నేను తెలుగులో నోరు తెరిస్తే చాలు, తరగతిలో నవ్వులు. కొన్నాళ్లకు అవసరమైన మాటలు కూడా మింగేయడం అలవాటైంది. ఒక ఆదివారం స్నేహితురాలి వెంట ఆ సెంటర్‌కు వెళ్లాను. రమక్క నలుగురు జట్టుగా ఆడే యుద్ధం ఆటలో మునిగి ఉంది. నన్ను చూసి పక్క కుర్చీ లాగింది. "నిలవడి ఏం జూస్తవ్? కూసో, ఆడు."

ఆ ఆటలో గుట్టలు, వాగులు, పాడుబడ్డ ఇళ్లు. మేకల వెంట గుట్టలెక్కి పెరిగినదాన్ని కాబట్టి, ఎవరు ఏ చాటున దాక్కుంటారో తొందరగానే పట్టుబడింది. ఒకసారి శత్రువులు మా వెనుక నుంచి రావడం చూశాను. చెప్పలేదు. అందరం చచ్చిపోయాం.

"నీకు కనవడ్డరా?" అని అడిగింది రమక్క.

"కనవడ్డరక్కా."

"మరెందుకు చెప్పలే?"

"తప్పు మాట్లాడుతనేమో అని..."

రమక్క నవ్వలేదు. "మాట తప్పు వోతే ఏమైతది? చెప్పకుంటేనే చస్తం. మీ భాషల చెప్పు, నేను నేర్చుకుంట" అంది. నిజంగానే కుడి, ఎడమ, ఆగు అనే మాటలు నా దగ్గర లంబాడీలో నేర్చుకుంది. మా భాష నేర్చుకోవాలనుకున్న బయటి మనిషిని నేను చూడడం అదే మొదలు.

అప్పటినుంచి జట్టుకు దారి చెప్పే పని నాదే. ఒకరోజు ఆన్‌లైన్‌లో అవతలి జట్టువాడు, "ఏ అడవిలోంచి మాట్లాడుతున్నారండీ?" అని పగలబడి నవ్వాడు. మైకు ఆపేయబోతే రమక్క నా చెయ్యి పట్టుకుంది. "బంద్ జెయ్యకు. గాయన నవ్వుకుంటడు, నువ్వు దారి చెప్పు." మైకు ఆపకుండా దారి చెప్పాను. పరీక్షలప్పుడు మాత్రం గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు.

జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో ఆ ఆటకు పోటీలు పెడితే మా జట్టు వెళ్లింది. బిడ్డ ఆటల్లో పడి చెడిపోయిందని భయపడి, నాయిన నేరుగా అక్కడికే వచ్చి వెనుక కుర్చీలో కూర్చున్నాడు. సెమీఫైనల్ చివర్లో రమక్క వంతెన మీదికి దూసుకుపోతోంది.

"అక్కా, వంతెన మీదికెల్లి పోకు! అవుతల పొంచి ఉన్నరు. ఎనుకకొచ్చి వాగులకెల్లి పో!" అని అరిచాను.

జట్టు నాయకురాలు ఆమె. మాలో అందరికంటే బాగా ఆడేదీ ఆమే. ఎందుకని ఒక్క మాట అడగకుండా వెనక్కి తిరిగింది. వాగులోంచి వెళ్లి వాళ్లను చుట్టుముట్టాం, గెలిచాం. ఫైనల్లో ఓడిపోయినా నాకు ఆ గెలుపే మిగిలింది.

బయటికి వచ్చాక రమక్క నాయినకు దండం పెట్టింది. "అనిత లేకుంటే ఈడిదాక రాకపోయేటోళ్లం, బాపూ" అంది. నాయిన నావైపు తిరిగి, "ఇంత గొంతు ఇన్నాళ్లు ఎక్కడ దాచావే?" అన్నాడు మా భాషలో. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

ఇప్పుడు నా పని గనిలో బొగ్గు మోసే పెద్ద లారీలకు, అంటే డంపర్లకు, మైకులో దారి చెప్పడం. మొన్నటి వానకు ఒకచోట దారి అంచు జారుతున్నట్టు కెమెరాలో కనిపించింది. నాయిన వయసున్న డ్రైవరు ఒకాయన లోడుతో అటే వస్తున్నాడు. "ఆగు కాకా! ముందటికి రాకు, అంచు జారుతుంది" అన్నాను. బండి ఆగిపోయింది. కాసేపటికి ఆ అంచు విరిగి కింద పడింది. షిఫ్టు దిగాక ఆయన మా గదికి వచ్చి, "నన్ను ఆపింది ఎవలు బిడ్డా?" అని అడిగాడు.

"నేనే కాకా" అన్నాను, లేచి నిలబడి.

నా మాట నమ్మి ఒక మనిషి ఆగుతాడని నాకు ముందే తెలుసు. జనగామలో, నాయిన చూస్తుండగా, రమక్క అది నాకు చూపించింది.